ఆటను చూడటం రాని చూపులు

2025 నవంబరు 23న కొలంబోలోని పి. సారా ఓవల్ మైదానంలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. నేపాల్ 5 వికెట్లకు 114 పరుగులు చేసింది. మన జట్టు 3 వికెట్లు మాత్రమే పోగొట్టుకుని, దాదాపు 8 ఓవర్లు మిగిలి ఉండగానే గెలిచింది. ఒడిశా అమ్మాయి ఫూలా సరేన్ 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. మన అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి కరుణ కుమారి 42 పరుగులు చేసింది. కప్పు అందుకున్న కెప్టెన్ టి.సి. దీపికది శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురం మండలంలోని తంబాలహట్టి.

స్కోరుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ తర్వాత వారాల తరబడి దీపిక గురించి వచ్చిన రాతల్లో స్కోరు తప్ప అన్నీ ఉన్నాయి. ఇల్లు ఎలాంటిది, తల్లిదండ్రులు ఏ కూలికి వెళ్తారు, పసితనంలో కంటికి దెబ్బ ఎలా తగిలింది, కూతుర్ని చూసి తల్లి ఎలా కళ్ళు తుడుచుకుంది, ఇవన్నీ తెలిశాయి. ఆమె ఏ షాట్ బాగా ఆడుతుందో, ఫీల్డర్లను ఎలా పెడుతుందో, ఒత్తిడిలో ఏ బౌలర్‌ని నమ్ముతుందో తెలియలేదు. పేదరికం అబద్ధమని నేననడం లేదు. దాన్ని దాచమనీ అనడం లేదు. కానీ విరాట్ కోహ్లీ గురించి రాసేవాళ్ళు అతని కవర్ డ్రైవ్ గురించి పేజీలు నింపుతారు కదా. దేశానికి కెప్టెన్‌గా ఉండి ప్రపంచకప్ తెచ్చిన అమ్మాయి గురించి రాయాల్సి వచ్చేసరికి కలం మైదానం వదిలేసి వంటింట్లోకి ఎందుకు పరుగెడుతుంది?

ఆ రాతలన్నిటికీ ఊతపదం ఒకటుంది: 'చూపు లేకున్నా'. ఈ 'లేకున్నా'ని కాస్త నిలబెట్టి అడగాలి. ఆడపిల్ల అయినా చదివింది, పల్లెటూరిదైనా ఇంగ్లీషు మాట్లాడింది, దళిత బిడ్డ అయినా కలెక్టరయింది. ఇది పొగడ్త కాదు. 'నీ నుంచి మేమేమీ ఆశించలేదు' అని ముఖం మీదే చెప్పడం. అంచనా ముందే సున్నా దగ్గర పెట్టేశారు, ఆ సున్నా మీద ఎంత సాధించినా ఆశ్చర్యమే. ఆశ్చర్యపోయేవాళ్ళకి ఆటను కొలిచే శ్రమ ఉండదు. చప్పట్లు కొడితే చాలు.

నిజానికి అంధుల క్రికెట్ నియమాల్లో ఎక్కడా 'లేకున్నా' లేదు. ప్లాస్టిక్ బంతి లోపల బేరింగులు ఉంటాయి, దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలర్ సిద్ధమా అని అడిగి, బ్యాటర్ అవునన్నాక, 'ప్లే' అని కేకేసి చెయ్యి కిందినుంచి విసురుతుంది. బ్యాటర్‌ని చేరేలోపు, పిచ్ సగం దాటకముందే బంతి నేలను తాకాలి. కిందికి పాకుతూ వచ్చే ఆ బంతిని ఆడటానికి స్వీప్ షాట్ ముఖ్యమైన ఆయుధం. మోకాలు వంచి, శబ్దం ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, బ్యాట్ అడ్డంగా తిప్పాలి. రెప్పపాటు ముందైనా వెనకైనా వికెట్ పోతుంది. కెప్టెన్ ఫీల్డును గొంతుతో నడపాలి. ఎవరెక్కడున్నారో తలలో బొమ్మగా గీసుకుని ఆడాల్సిన ఆట ఇది.

ఇంకో సంగతి. క్రీడాకారిణుల్ని చూపును బట్టి బి1, బి2, బి3 అని మూడు వర్గాలు చేస్తారు. పదకొండు మందిలో కనీసం నలుగురు బి1, అంటే పూర్తిగా చూపులేనివాళ్ళు, ఉండి తీరాలి. బి1 బ్యాటర్ కొట్టిన పరుగులు రెట్టింపుగా లెక్కిస్తారు. ఆమె తరఫున పరుగెత్తడానికి రన్నర్ ఉంటుంది. ఒక్క స్టెప్పు పడ్డ బంతిని బి1 ఫీల్డర్ పట్టినా క్యాచే. ఎవరూ దీన్ని దయ అనరు, ఆటంటే ఇదే అంటారు. తేడాని దాచిపెట్టి అందరికీ ఒకటే కొలత అని బుకాయించకుండా, తేడాని ఒప్పుకుని దాని చుట్టూ న్యాయాన్ని కట్టిన పద్ధతి ఇది. రిజర్వేషన్ మాట ఎత్తగానే ప్రతిభ ప్రతిభ అని గుండెలు బాదుకునే పెద్దమనుషులు ఒక్కసారి ఈ నియమావళి చదవాలి. సమానత్వం అంటే ఒకే కొలబద్ద కాదని మనం ఇన్నేళ్ళుగా వ్యాసాల్లో చెబుతున్నాం. వీళ్ళు దాన్ని స్కోరుబోర్డు మీద రాసేశారు.

అయితే మన సమాజానికి ఆడపిల్లను కొలవడం రాదా? బ్రహ్మాండంగా వచ్చు. దాని పేరు పెళ్ళిచూపులు. పిల్లను ఎందుకు నడిపించేవారు? కాలు అవిటిదేమో చూడ్డానికి. ఏదో ఒకటి చదవమని ఎందుకు అడిగేవారు? చదువు ఒక వంక, అసలు సంగతి చూపు ఆనుతుందో లేదో తెలుసుకోవడం. పాడమన్నది గొంతు కోసం, జడ విప్పమన్నది జుట్టు కోసం. సభ్యంగా కాఫీలు తాగుతూ జరిపే వైకల్య పరీక్ష అది. ఈ పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఈ పిల్ల ఏం చేయగలదు అని ఉండదు. ప్రతి ప్రశ్నా ఈ పిల్లలో ఏం తక్కువ అనే. తక్కువను బట్టి కట్నం ఎక్కువ.

ప్రభుత్వానికీ కొలవడం వచ్చు. సదరం శిబిరంలో గంటలకొద్దీ వరసలో నిలబెట్టి, శరీరంలో ఏది ఎంత లోపించిందో శాతాల్లో రాసిస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రధాన ప్రయోజనాలకు 40 శాతం గీత. ఆ కాగితం అవసరమే, అది లేకపోతే పింఛను లేదు, చదువులో కోటా లేదు. నా ప్రశ్న వేరు. లేనిదాన్ని శాతాల్లో లెక్కగట్టడం ఇంత బాగా తెలిసిన రాజ్యానికి, అదే పిల్లలో ఉన్నదాన్ని కనీసం ఒక్కసారి కొలిచి చూడాలని ఎందుకు తోచదు? చెవి ఎంత పదును, చెయ్యి ఎంత వేగం, ఎంతసేపు పరుగెత్తగలదు అని రాసే ఒక్క గడి ఆ ఫారంలో ఎందుకు లేదు?

ఉన్నదాన్ని కొలిచేది ఒక్క మార్కెట్టే. అమెరికాలో హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ అనే కీలక స్థానంలో ఆడే కుర్రాడికి పదిహేడేళ్ళు రాకముందే నక్షత్రాలు కేటాయిస్తారు, అయిదు నక్షత్రాలైతే కాలేజీల కోచ్‌లు ఇంటి చుట్టూ తిరుగుతారు. వాడి ఎత్తు, అరచేతి వెడల్పు, విసురు, నడవడిక అన్నీ లెక్కల్లోకి ఎక్కుతాయి. మన దగ్గర ఆ పని వేలంపాట చేస్తోంది. కడప జిల్లా ఎర్రమల్లె నుంచి వచ్చిన శ్రీచరణిని మహిళల ప్రీమియర్ లీగ్‌లో 2025 సీజన్‌కి 55 లక్షలకు కొన్నారు. ఆ ఏడాది నవంబరు 2న మన మహిళలు నవీ ముంబైలో వన్డే ప్రపంచకప్ గెలిచారు. ఆ టోర్నమెంటులో ఆమె 14 వికెట్లు తీసింది. నెల తిరక్కుండానే జరిగిన వేలంలో ధర 1 కోటి 30 లక్షలయింది. సంతోషమే. ఆడపిల్ల స్పిన్ బౌలింగ్‌కి కోటి రూపాయలు పలికే రోజు వస్తుందని మన అమ్మమ్మలకి చెబితే నవ్వేవారు. కానీ వేలంపాట కొలిచేది తన గుమ్మం దాకా వచ్చినవాళ్ళనే. గుమ్మం దాకా రాని పిల్లల సంగతి దానికి అక్కర్లేదు. ఆ కప్పు తర్వాత మూడు వారాలకే ఇంకో కప్పు తెచ్చిన అంధ క్రీడాకారిణులకు అసలు వేలమే లేదు.

గుమ్మం సంగతికి వద్దాం, ఎందుకంటే అసలు రాజకీయమంతా అక్కడే ఉంది. పాత అనంతపురం జిల్లా నార్పల మండలంలో బండ్లపల్లి అనే ఊరుంది. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది అక్కడే. ఆ ఊరి అమ్మాయి బారెడ్డి అనూష 2023 జులైలో మీర్‌పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకు తొలి మ్యాచ్ ఆడింది. ఆమెను తీర్చిదిద్దింది అనంతపురంలో ఆర్.డి.టి. నడిపే క్రీడా అకాడమీ, అంటే ఒక స్వచ్ఛంద సంస్థ. కరుణ కుమారికి విశాఖపట్నంలోని అంధ బాలికల పాఠశాల దారి చూపింది. దీపికకు క్రికెట్ పరిచయమైంది ప్రత్యేక పాఠశాలలో, అక్కడి ఉపాధ్యాయుల వల్ల. ఆమె ఆడిందీ కర్ణాటక తరఫునే. అమరాపురం నుంచి నాలుగడుగులు వేస్తే కర్ణాటకే, ఆ పల్లెల్లో ఇంటి భాష చాలామందికి కన్నడమే, కాబట్టి అందులో వింతేం లేదు. వింత ఏమిటంటే కప్పు గెలిచిన మర్నాటినుంచీ ఆమెను 'మన తెలుగు బిడ్డ' అని పిలుచుకోవడం. ఆ బిడ్డ స్వీప్ షాట్ నేర్చుకుంటున్న కాలంలో ఈ రాష్ట్రంలో ఏ సెలెక్టరు తంబాలహట్టి పేరు విన్నాడు?

ఇక్కడొక చేదు ప్రశ్న అడగక తప్పదు. చూపు సరిగా లేనందువల్ల దీపికకు ఊరు దాటిన ఒక బడి దొరికింది, ఆ బడిలో ఆట దొరికింది. అదే ఊళ్ళో ఆమె వయసు పిల్లలు, చూపు చక్కగా ఉన్నవాళ్ళు, వాళ్ళ ఆటను ఎవరు చూశారు? వేరుశనగ చేలల్లో, వక్కతోటల్లో పనికి వెళ్ళే పిల్లల్లో ఎంత విసురు ఉందో, ఎంత పరుగుందో కొలిచినవాళ్ళున్నారా? దీపికలో ప్రతిభ లేదా అంటే, ఉంది కాబట్టే కెప్టెన్ అయింది. కానీ ప్రతిభ ఒక్క ఇంట్లోనే మొలిచి పక్కింట్లో మొలవకుండా ఉండదు. తేడా గుమ్మంలో ఉంది.

ఆ పక్కింటి పిల్లకి ఏం జరుగుతుందో మనకి తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతానికి పైగా 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు. మడకశిర వైపు కొన్ని గొల్లహట్టుల్లో నెలసరి రోజుల్లో, కాన్పు తర్వాత స్త్రీలను ఊరి బయట ఉంచే ఆచారం గురించి పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. ప్రతి హట్టీ అలాగే ఉంటుందని కాదు, దీపిక ఊరి గురించీ కాదు నేను చెబుతున్నది. ఆడపిల్ల శరీరం గురించి ఆ చుట్టుపక్కల గాలిలో ఏముందో చెబుతున్నాను. 2023 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం 'ఆడుదాం ఆంధ్రా' అని ఊరూరా పోటీలు పెట్టింది, 15 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ అంది. పేరు బాగానే ఉంది. పదిహేనేళ్ళకి మగపిల్లవాడి ఆట మొదలవుతుంది. ఆడపిల్ల ఆట అప్పటికే అయిపోయి ఉంటుంది. వయసుకొచ్చిన పిల్ల మైదానంలో ఎగరడమేమిటని ఎనిమిదో తరగతిలోనే బ్యాటు లాక్కుంటారు. ఆ వయసులో ఆపేసిన కాళ్ళను తర్వాత ఎవరు కొలిచినా ఏం తేలుతుంది?

2025 డిసెంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ జట్టును పిలిపించి సత్కరించారు, ఒక్కొక్కరికి 5 లక్షలు ఇచ్చారు. అప్పుడు దీపిక అడిగింది మా ఊరికి రోడ్డు వేయించమని. మంజూరు వెంటనే వచ్చింది. అందరూ ఆ మంజూరు వేగాన్ని మెచ్చుకున్నారు. నేను ఆమె కోరికను మెచ్చుకుంటాను. సన్మానం జరిగిన రోజున తన ఊరికి ఏం తక్కువో గుర్తుపెట్టుకుని అడగగలిగిన కెప్టెన్ ఆమె. కానీ ఒక పల్లెకు రోడ్డు రావడానికి ఆ పల్లె ఆడబిడ్డ ప్రపంచకప్ గెలవాలా? మరి కప్పు గెలిచే కూతురు లేని ఊళ్ళ మాటేమిటి? హక్కుగా రావాల్సింది బహుమతిగా వస్తే, రాని ఊరు ఓడిపోయిన ఊరని అర్థం వస్తుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. నేను హిందూపురంలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. దీపిక మీద ఒక పేజీ రాయమంటే ముప్పై మందికి పైగా రాశారు. కష్టాలు, కన్నీళ్ళు, తల్లి త్యాగం, పట్టుదల ఉంటే సాధించలేనిది లేదన్న ముగింపు. ఒక్కరూ ఒక్క ఓవర్ గురించి రాయలేదు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి మాత్రం లేచి, "మేడమ్, ఆయమ్మ బౌలింగ్ కూడా చేస్తాదా?" అని అడిగింది. ఆమె ఆల్‌రౌండర్ అని చెప్పాను. "మరి ఆ మాట పేపర్లో ఎందుకు రాయలా?" అంది. తప్పు పిల్లలది కాదు. వాళ్ళ ముందున్న తెలుగు వాక్యమే ఆడపిల్ల ఆటను వర్ణించడం నేర్చుకోలేదు.

మన స్త్రీవాద సాహిత్యం శరీరాన్ని తెలుగులోకి తెచ్చింది, అది చిన్న విషయం కాదు. జయప్రభ 'చూపులు' రాసేదాకా మగచూపు ఒళ్ళంతా ఎలా గుచ్చుకుంటుందో కవిత్వంలో చెప్పినవాళ్ళు లేరు. కొండేపూడి నిర్మల 'లేబర్‌రూం', 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం, ఇవి లేకుండా మనం లేం. కానీ ఆ శరీరం ప్రధానంగా గాయపడ్డ శరీరం, కనే శరీరం, చూడబడే శరీరం. పరుగెత్తే శరీరం, గురి చూసి విసిరే శరీరం, అలసటలో ఆనందం ఎరిగిన శరీరం మన పేజీల్లో ఎంత తక్కువ! స్త్రీకి ఏమేం కావాలో లెక్కపెట్టినప్పుడు చలం మేధకూ హృదయానికీ ముందు శరీరాన్ని, దానికి వ్యాయామాన్ని చెప్పాడు. మనం మేధ మీద సెమినార్లు పెట్టాం, హృదయం మీద కథలు రాశాం. వ్యాయామాన్ని డ్రిల్లు మాస్టారికి వదిలేశాం. భాష సంగతీ అంతే. గుడ్డి నమ్మకం, గుడ్డి ఆచారం, కుంటి సాకు అని ఇవాళ్టికీ అభ్యుదయ వ్యాసాల్లో రాస్తున్నవాళ్ళకి, ఆ విశేషణాలు ఎవరి శరీరాల మీంచి తెచ్చుకున్నవో అడిగే హక్కు ఈ జట్టులోని పదహారు మందికీ ఉంది.

ఇక్కడ కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. క్రికెట్ అంటేనే మార్కెట్టు, జెండాలు, మగతనం, అందులో మనకేం పని అంటారు. పార్లమెంటు మగవాళ్ళది కాబట్టి మనకొద్దన్నామా? విశ్వవిద్యాలయం వద్దన్నామా? ఇంకొకరు గెలుపోటముల భాషే పితృస్వామ్యపు భాష అంటారు. కావచ్చు. కానీ మోకాలు వంచి శబ్దాన్ని పసిగట్టి బంతిని బౌండరీకి పంపిన అమ్మాయికి కలిగే ఆనందం ఎవరి సొత్తు? దాన్ని సిద్ధాంతంతో కొట్టిపారేసే అధికారం, చిన్నప్పుడు ఆట లాక్కోబడ్డ మన తరానికి అసలే లేదు. కన్నీటి కథలు నలుగురికీ స్ఫూర్తినిస్తాయి కదా అనేవాళ్ళూ ఉన్నారు. స్ఫూర్తి ఎవరికి? కుర్చీలో కూర్చుని చదివేవాడికి. తంబాలహట్టి పక్క ఊరి పిల్లకు కావాల్సింది స్ఫూర్తి కాదు, బంతి. బూట్లు, మైదానం, నెలసరి రోజున కూడా వాడుకోగలిగిన మరుగుదొడ్డి, ఆటలు నేర్పే ఒక టీచరమ్మ.

అందుకే అడగాల్సింది సన్మానాల్ని కాదు. ప్రతి బాలికల ఉన్నత పాఠశాలలో, ప్రతి కస్తూర్బా విద్యాలయంలో మహిళా వ్యాయామ ఉపాధ్యాయిని ఉందా లేదా, సాయంత్రం గంట మైదానం ఆడపిల్లలదేనా కాదా అని అడగాలి. ఆరో తరగతి నుంచే ప్రతి పిల్ల పరుగును, విసురును, ఓపికను కొలిచి రాసే ఒక రిజిస్టరు ఉండాలని అడగాలి. చూపులేని పిల్లల, వినికిడి లేని పిల్లల బడులకి ఆ రిజిస్టరు మొదట వెళ్ళాలి. లోపాల శాతం రాసే కాగితం పక్కన సామర్థ్యం రాసే కాగితం కూడా ఉండాలి.

రాసేవాళ్ళకి ఇంకో పని ఉంది. ఈ జట్టు 2023లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన అంధుల ప్రపంచ క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 2025లో కప్పు తెచ్చింది, మళ్ళీ ఆడుతుంది. ఎప్పుడో ఒక మ్యాచ్‌లో ఓడిపోతుంది కూడా. ఆ రోజున దీపిక ఫీల్డు ఎక్కడ తప్పు పెట్టిందో, ఏ ఓవర్ ఎవరికిచ్చి ఉండాల్సిందో మనలో ఒకరు తెలుగులో సూటిగా రాయగలగాలి. ఏ జాలీ లేకుండా, ఇతర కెప్టెన్లను విమర్శించినట్టే. అప్పుడు ఆమెను ఆటగత్తెగా గుర్తించినట్టు.